మాణా గ్రామము - బదరీనారాయణుని కంబళి

బదరికాశ్రమమును సేవించి వచ్చిన యాత్రికులను అచ్చట ఏమేమి చూచితిరని అడిగినచో, తప్తకుండమును, బ్రహ్మకపాలమును, నీలకంఠ శిఖరమును వర్ణించి చెప్పుదురు. ఆ పిమ్మట "దేశమునకు చివరి యూరును కూడ చూచి వచ్చితిమి" అని చేర్చుదురు. ఆ యూరి పేరు మాణా. ఆలయమునకు మూడు కిలోమీటర్ల దూరములో, సముద్రమట్టమునకు సుమారు 3,200 మీటర్ల ఎత్తున, అలకనందా సరస్వతీ నదుల నడుమ కొండవాలును అంటిపెట్టుకొనియున్న చిన్న గ్రామమది. యాత్రికులలో పెక్కుమంది అచ్చటికి వాహనములో పోయి, రెండు గుహలను, ఒక రాతి వంతెనను చూచి, టీ త్రాగి, ఫోటో తీయించుకొని గంట రెండు గంటలలో మరలి వత్తురు. శీతకాలమున ఆలయద్వారములు మూయబడిన తరువాత స్వామి తిరుమేనిని కప్పియుండు కంబళి ఆ యూరి కన్యలు నేసినదని వారిలో ఎందరికి తెలియునో చెప్పుట కష్టము.

నూట యెనిమిది దివ్యదేశములలో తిరువదరికి గల స్థానమును శ్రీవైష్ణవులకు వేరుగ చెప్పనక్కరలేదు. పెరియాళ్వారును, తిరుమంగై ఆళ్వారును ఈ క్షేత్రమునకు మంగళాశాసనము చేసిరి. తిరుమంగై ఆళ్వారు తమ పెరియ తిరుమొళి ఆరంభములోనే బదరిని గూర్చి పాడుచు, ముదిమి పైబడి కఱ్ఱ ఊతగా వంగి నడచు దశ రాకమునుపే పోయి ఆ స్వామిని సేవింపుడని మనస్సునకు తొందర పెట్టిరి. ఆ తొందర కేవలము కవితాచమత్కారము కాదని ఆ కొండదారిని ఎక్కినవారికి, ఆ గాలిలో నాలుగడుగులు వేసి ఊపిరికై నిలిచినవారికి తెలియును. నారాయణుడే నరునకు ఆచార్యుడై తిరుమంత్రమును ఉపదేశించినది ఇచ్చటనే యని పూర్వాచార్యుల వాక్కు. ఆచార్యుడు తానే, శిష్యుడును తానే. అష్టాక్షరి పుట్టిన చోటని వైష్ణవ గృహములలో బదరిని తలచుటకు ఇది కారణము.

అట్టి క్షేత్రమునకు ఉత్తరపు వాకిలి మాణా. దానిని మణిభద్రపురి యని పూర్వులు పిలిచిరని స్థానికులు చెప్పుదురు. మణిభద్రుడు కుబేరుని పరివారములోని యక్షనాయకుడు. అలకనంద పుట్టు హిమానీనదముల దాపున కుబేరుని అలకాపురి కలదని ప్రతీతి. బదరీనాథుని సన్నిధిలో కుబేరుని మూర్తి కూడ ఉండుటను బట్టి ఈ ప్రాంతమునకును యక్షులకును గల సంబంధము ఎంత పాతదో ఊహింపవచ్చును.

గ్రామములో మొదట చూపబడునవి గణేశగుహ, వ్యాసగుహ. వ్యాసగుహపై నున్న బండ పొరలు పొరలుగ, తాళపత్రపు కట్టవలె కన్పించును. దానిని వ్యాసపుస్తకమని చెప్పుదురు. వ్యాసుడు చెప్పుచుండగా విఘ్నేశ్వరుడు భారతమును వ్రాసెనను కథ అందరును ఎఱిగినదే. పూనా భండార్కర్ సంస్థవారు పరిష్కరించిన భారత ప్రతిలో ఈ కథ మూలపాఠమునందు లేక అనుబంధములో చేర్చబడినది. ఇందుచే భక్తునకు కలుగు లోపమేమియు లేదు. ఏలయన, వ్యాసాశ్రమము ఇచ్చట ఉండెనని చెప్పుటకు అంతకన్న గట్టి ఆధారము శ్రీమద్భాగవతములోనే కలదు. ప్రథమస్కంధములో వ్యాసుని ఆశ్రమము సరస్వతీనది పశ్చిమతీరమున, బదరీవృక్షముల నడుమ నున్నదనియు, దాని పేరు శమ్యాప్రాసమనియు చెప్పబడినది. వేదములను విభజించి, భారతమును రచించియు మనస్సునకు తృప్తి లేక వ్యాసుడు చింతించుచుండగా నారదుడు వచ్చినది ఆ ఆశ్రమమునకే. భగవద్గుణములను నీవు తగినట్లు కీర్తింపలేదు, అందుచేతనే ఈ వెలితి యని ఆయన చెప్పెను. భాగవతము అట్లు పుట్టినది. పోతనామాత్యుని భాగవతమును ఇంట పారాయణము చేయు తెలుగువారికి ఆ మొదటి ఘట్టము సుపరిచితమే. దాని రంగస్థలమని సంప్రదాయము చూపు నేల ఈ యూరి వీధుల చివరనే కలదు.

ఉద్ధవుని ప్రయాణము కూడ ఇచ్చటికే. తాను అవతారము చాలించు ముందు శ్రీకృష్ణుడు ఉద్ధవుని బదరికి పొమ్మని ఆజ్ఞాపించినట్లు తృతీయస్కంధమునందును, ఏకాదశస్కంధమునందును వచ్చును. తెలుగున మొదటిదానిని పోతనయు, రెండవదానిని వెలిగందల నారయయు రచించిరి. నేటికిని బదరీనాథుని ఉత్సవమూర్తి ఉద్ధవుడే. మధ్వసంప్రదాయమువారికి ఈ తావు మఱింత ఆత్మీయము. ఆనందతీర్థులు బదరికి పోయి తమ గీతాభాష్యమును స్వామికి సమర్పించి, పిమ్మట మానవులకు పోశక్యము కాని పై బదరిలో వ్యాసభగవానుని సేవించిరని నారాయణ పండితాచార్యుని సుమధ్వవిజయము ఆధారముగ వారు చెప్పుకొందురు.

గుహలను దాటి కొంత ముందునకు పోయినచో సరస్వతి కన్పించును. కన్పించుటకు ముందు విన్పించును. మాణా కనుమ వైపు మంచుకొండలలో పుట్టి దిగివచ్చిన ఆ నది ఇరుకైన రాతిచీలికలో పడి చేయు ధ్వనికి ప్రక్కవారి మాట విన్పింపదు. ఆ చీలికపై ఒక మహాశిల అడ్డముగ పడియున్నది. స్వర్గారోహణ సమయమున ద్రౌపది దాటుటకై భీముడు దానిని వేసెనని ప్రజలు భీమపులు అందురు. మహాప్రస్థానికపర్వములో ఈ వంతెన ముచ్చట లేదు. కాని ఆ శిలను చూచిన ఏ పల్లెవానికైనను భీముడు తప్ప వేరొకడు స్ఫురింపడు. వ్రాతకు విఘ్నము కలుగుచున్నదని గణపతి శపింపగా సరస్వతి అదృశ్యమైనదని మఱియొక కథ. నిజమునకు నది మాయము కాలేదు. వంతెన క్రింద నుండి కొద్ది దూరము పారి, కేశవప్రయాగ యను తావున అలకనందలో కలియుచున్నది. నీరు ముందునకు పోవుచునే యున్నది; తన పేరును మాత్రము విడిచినది. ఋగ్వేదము కీర్తించిన సరస్వతి ఏదియను చర్చ పండితుల మధ్య నున్నదే కాని, పుష్కరస్నానమునకు వచ్చువారు ఆ చర్చ తీరువరకు ఆగలేదు.

పుష్కరములను గోదావరీ కృష్ణా తీరములందు మాత్రమే ఎఱిగిన తెలుగువారికి ఇది గమనింపదగిన విషయము. బృహస్పతి మిథునరాశిలో ప్రవేశించినపుడు సరస్వతీ పుష్కరములు వచ్చును. 2013 మే చివర, జూన్ ఆరంభములలోను, మరల 2025 మే 15 నుండి 26 వరకును అవి జరిగినవి. 2025లో తెలంగాణములోని కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితలతో అంతర్వాహినిగ కలియు సరస్వతికి లక్షలాది జనులు స్నానమాడగా, అదే సమయమున మాణాలోని కేశవప్రయాగయందును పుష్కరకుంభము జరిగినది. అచ్చటికి వచ్చినవారిలో దక్షిణదేశపు వైష్ణవులే అధికులు. ఒకచోట నది కంటికి కన్పింపక నమ్మకములో పారును. మఱియొకచోట చెవులు గింగురుమనునట్లు కన్నులయెదుట పారును. 2013 పుష్కరములు ముగిసిన కొలది దినములకే, జూన్ 16, 17 తేదీలలో, కేదారమునందు మహాప్రళయము సంభవించినది. బదరీ మార్గములు తెగి యాత్రికులు వేలకొలది చిక్కుకొనిరి. హిమాలయ యాత్రలో ఋతువును లక్ష్యపెట్టక తప్పదని అది గుర్తుచేసినది.

ఇక గ్రామదేవత మాట. మాణాలో ఘంటాకర్ణుని ఆలయము కలదు. ఆయన బదరీక్షేత్రమునకు క్షేత్రపాలుడు. హరివంశములో ఈయన కథ చదివినవారికి ఇంతటి పదవి ఆయనకెట్లు దక్కెనని ఆశ్చర్యము కలుగును. ఘంటాకర్ణుడు పిశాచము. పరమశివుని భక్తుడై, విష్ణునామము పొరపాటున కూడ చెవిని పడరాదని రెండు చెవులకు గంటలు కట్టుకొని తిరిగినవాడు. అతడు మోక్షము కోరగా శివుడే, అది విష్ణువు వలననే లభించునని చెప్పి బదరికి పంపెను. కైలాసయాత్రకు వచ్చుచు శ్రీకృష్ణుడు బదరిలో ఆగియుండగా ఆ పిశాచము వేటకుక్కలతో, అనుచరులతో కోలాహలముగ వచ్చి స్వామిని చూచెను. ఏ నామమును వినరాదని గంటలు కట్టుకొన్నాడో ఆ నామమునే ఉచ్చరించుచు వచ్చెను. తన జాతికి ప్రియమైన ఆహారమునే నివేదింపబూనెను. స్వామి ఆ నైవేద్యమును స్వీకరింపలేదు, వాని భక్తిని స్వీకరించి తన చేతితో స్పృశించి ఉద్ధరించెను.

జన్మచేత, ఆహారముచేత, పూర్వద్వేషముచేత ఎంత మాత్రమును అర్హుడు కానివాడు క్షేత్రమునకు కావలివాడైనాడు. ఆయన గుడి క్షేత్రపు అంచున, ఈ పల్లెలో నున్నది. ఈ కథను మనస్సున నుంచుకొని ఆ యూరి జనులను చూడవలెను.

వారు భోటియా జాతివారు. అందును మార్ఛా శాఖకు చెందినవారు. 1967లో వారిని షెడ్యూల్డు తెగగ ప్రభుత్వము గుర్తించినది. రాతిగోడలు, చెక్కపనితనము, పలకరాళ్ల కప్పులు గల చిన్న యిండ్లు వారివి. ఉర్లగడ్డలు, ఫాఫర్ అను కొండధాన్యము పండింతురు. గొఱ్ఱెలను కాచి, ఉన్ని వడికి, శాలువలు, టోపీలు, ఆసనములు, తివాచీలు నేయుదురు. స్త్రీ చేతిలో కదురు లేని వేళ అరుదు. ఇంటి ముంగిట కూర్చుండి మాటలాడుచునే నూలు తీయుచుందురు. ఆరు మాసములే వారికి ఆ యూరు. కార్తికము దాటి మంచు కురియనారంభింపగనే పశువులతో, పిల్లలతో గోపేశ్వర్ పరిసరముల దిగువ గ్రామములకు దిగిపోవుదురు. స్వామి ఉత్సవమూర్తులు పాండుకేశ్వరమునకు దిగుటయు, వీరు దిగుటయు ఒకే ఋతువున జరుగును. మరల ఆలయద్వారములు తెరచు కాలమునకే వీరును పైకి వత్తురు.

పూర్వము వీరి బ్రదుకునకు ఆధారము సేద్యము కాదు, వర్తకము. యూరికి ఉత్తరమున, 5,600 మీటర్ల ఎత్తున మాణా కనుమ కలదు. దాని కావల టిబెట్టు. గొఱ్ఱెల వీపులపై చిన్న చిన్న సంచులు కట్టి, ఇచ్చటి నుండి ధాన్యము, బెల్లము, బట్టలు తీసికొని పోయి, అచ్చటి నుండి ఉప్పు, ఉన్ని, వెలిగారము తెచ్చెడివారు. ఆ దారి ఎంత ప్రసిద్ధమన, 1624లో ఆంటోనియో ద ఆంద్రాదె యను పోర్చుగీసు పాదరి హిందూ యాత్రికుని వేషమున బదరి దాక వచ్చి, మాణా మీదుగా ఆ కనుమను దాటి టిబెట్టులోని త్సాపరాంగ్ పట్టణమును చేరెను. ఆ వర్తకము 1962 యుద్ధముతో ముగిసినది. కనుమ మూతపడినది, టిబెట్టు ఉన్ని రాకడ ఆగినది. ఒక తరమువారు తండ్రుల వృత్తిని కోల్పోయి మైదానములలో ఉద్యోగములు వెదకుకొనిరి. యుద్ధము తరువాత సరిహద్దునకు రోడ్లు వేయబడినవి. ఆ రోడ్ల మీదనే నేడు యాత్రికుల మోటారులు బదరి వరకు పోవుచున్నవి. నడచి పోయిన పెద్దల కష్టము తీరుటకును, ఈ పల్లెవారి వర్తకము నిలిచిపోవుటకును కారణము ఒక్కటే యగుట చిత్రము.

ఇన్ని మార్పులలోను వారు విడువనివి రెండు కైంకర్యములు. మొదటిది భాద్రపద శుక్ల ద్వాదశినాడు, అనగా వామనద్వాదశినాడు జరుగు మాతామూర్తి ఉత్సవము. ధర్ముని భార్యయు, దక్షుని కుమార్తెయు నైన మూర్తిదేవి నరనారాయణులకు తల్లి. ఆమె ఆలయము మాణాకు ఎదురుగ, అలకనంద కావలి ఒడ్డున కలదు. సంవత్సరమున కొకసారి కుమారుడు తల్లిని చూడబోవును. స్వామి పక్షమున ఉద్ధవుడు పల్లకిలో వచ్చును; ఆ మధ్యాహ్నము బదరీ ఆలయమును కొన్ని గంటలు మూసియుంతురు. దారిలో మాణా స్త్రీలు తమ కొండవేషములో పాటలతో ఎదురేగి, మొలకెత్తించిన యవల పచ్చని పరకలను సమర్పింతురు. తల్లి యొద్దనే భోగము జరిగి, సాయంకాలమునకు స్వామి మరలి వచ్చును. తిరుమలలోనో శ్రీరంగములోనో ఉత్సవములు చూచిన కన్నులకు ఇది మిక్కిలి చిన్న ఉత్సవము. తల్లిని చూడ వచ్చిన కొడుకునకు ఊరి ఆడపడుచులు ఎదురుపోవుట తప్ప ఇందులో వేరు ఆడంబరము లేదు.

రెండవది కంబళి. ఆలయము మూయు దినమును విజయదశమినాడు నిర్ణయింతురు. ఆ దినమునకు ముందుగ పంచపూజలు ఆరంభమగును. మొదట గణేశుని ద్వారము మూయుదురు. పిమ్మట ఆదికేదారేశ్వరుని ద్వారము. ఆ తరువాత వేదపుస్తకములను మూసి పారాయణము చాలింతురు. నాలుగవనాడు లక్ష్మీదేవిని గర్భాలయమునకు రమ్మని ఆహ్వానింతురు. వేసవి ఆరు మాసములు ఆమె ప్రత్యేకమైన గుడిలో వేంచేసియుండును. ఐదవనాడు ఆమె స్వామిసన్నిధికి రావలెను. కాని లోపల ఉద్ధవుడున్నాడు. ఉద్ధవుడు కృష్ణునికన్న పెద్దవాడు కనుక లక్ష్మికి బావగారి వరుస. బావగారి యెదుటికి కోడలు ఎట్లు వచ్చును? అందుచే ముందు ఉద్ధవుని వెలుపలికి వేంచేపు చేయుదురు. ఆ పిమ్మట కేరళదేశపు నంబూద్రి వంశీయుడైన రావల్, అమ్మవారిని పురుషుడు తాకరాదు కనుక, చెలికత్తె వలె స్త్రీవేషము ధరించి ఆమెను తెచ్చి స్వామి ప్రక్కన నుంచును. మన యిండ్లలోని మర్యాదయే ఆ మంచుకొండలలోను పాటింపబడుచున్నది.

అప్పుడు మాణా కంబళి వచ్చును. దానిని గ్రామములోని కన్యలు ఉపవాసముతో ఒక్క దినములోనే నేయుదురు. దానికి ఆవునేతిని దట్టముగ పట్టించి, పద్మాసనమున తపోముద్రలో నున్న నల్లరాతి స్వామికి కప్పుదురు. ఇదియే ఘృతకంబళి. అఖండదీపమును వెలిగించి ద్వారములు మూయుదురు. ఆ పిమ్మట ఆరు మాసములు మానవపూజ లేదు. నారదుడును దేవతలును అర్చింతురని విశ్వాసము.

ఈ కైంకర్యమును చేయించుకొను వరకు స్వామి తోమాల, అలంకారము, ఆభరణము లన్నియు అనుభవించినవాడే. పండితులు వేదము చదివిరి, ధనికులు కానుకలిచ్చిరి, దేశపు నలుమూలల నుండి జనులు వచ్చిరి. అందరును పోయిన తరువాత చలిలో స్వామికి మిగులునది ఒక పల్లెపిల్లల చేతిపని. కైంకర్యమునకు అధికారము ఎవరికి కలదని సంప్రదాయ గ్రంథములు విచారించినపుడెల్ల, శేషత్వజ్ఞానము తప్ప వేరొక అర్హతను కోరలేదు. స్వామికి చలి వేయునని తోచుటకన్న శేషత్వము వేరే ఏమున్నది? పరత్వమును ఎఱిగినవానికి ఈ తలంపు రాదు; తల్లికి వచ్చును, పెరియాళ్వారుకు వచ్చినది, మాణా పిల్లలకు వచ్చినది.

అయితే ఈ కంబళి గాలిలో నుండి వచ్చునది కాదు. దానికి గొఱ్ఱెలు కావలెను, మేతబయళ్లు కావలెను, వడకు చేతులు కావలెను, ఆ పనిని తల్లుల యొద్ద నేర్చుకొను పిల్లలు ఊరిలో నుండవలెను. చదువులకై, ఉద్యోగములకై యువజనులు దిగువకు పోవుట ఇతర కొండగ్రామములలో వలె ఇచ్చటను కలదు. వారిని తప్పు పట్టుటకు ఎవరికిని అధికారము లేదు. 2022 అక్టోబరులో ప్రధానమంత్రి మాణాకు వచ్చినపుడు దీనిని చివరి గ్రామమనరాదు, మొదటి గ్రామమనవలెనను మాట ప్రబలి, మరుసటి సంవత్సరము ఊరి ముంగిట పలక కూడ అట్లే మారినది. పేరు మారుట మంచిదే. కాని ఊరు మొదటిదో చివరిదో అనుట కన్న, ఊరిలో జనులుందురా యనునది పెద్ద ప్రశ్న. యాత్రికుడు అచ్చట కొను ఒక ఉన్ని టోపీకి, ఆసనమునకు బేరములాడునపుడు దీనిని తలచినచో చాలును. యంత్రముపై నేసి మైదానముల నుండి తెచ్చినవి కూడ ఆ దుకాణములలో కలసియుండును. ఇంటిముందు కూర్చుండి వడకుచున్న వృద్ధురాలి యొద్ద కొన్నది ఆమె చేతిదే యగును.

వసుధారకు నడచి పోదలచినవారు మాణా నుండి ఐదు కిలోమీటర్ల దారిలో నీటిసీసాలను, పొట్లపు కాగితములను విడిచి రారాదు. అవి చేరునది అలకనందలోనికే. ఆ బయళ్లలో పెరుగు బదరీతులసి మన కోటలోని తులసి కాదు. వేరు జాతి మొక్క, వేరు సువాసన. స్వామి మాలలకు దానినే కోసి తెత్తురు. త్రోవ తప్పి త్రొక్కుచు పోవువారికి తాము దేనిని త్రొక్కుచున్నది తెలియదు. వృద్ధులును, శ్వాసవ్యాధి గలవారును బదరిలో ఒక దినము విశ్రమించిన పిమ్మటనే మాణాకు పోవుట క్షేమము. కేశవప్రయాగలో నీరు మంచు కరగి వచ్చినది, వేగము గలది. ఒడ్డున కూర్చుండి చెంబుతో పోసికొన్నను స్నానఫలమునకు లోపము రాదు.

శీతకాలపు మాణా ఎట్లుండునో యాత్రికులకు తెలియు అవకాశము లేదు. 2025 ఫిబ్రవరి 28వ తేదీన ఆ గ్రామసమీపమున సరిహద్దు రోడ్లపై మంచు తొలగించు కూలీల విడిది మీద హిమపాతము విరుచుకొని పడినది. 54 మంది దానిలో చిక్కుకొనిరి; సైనికులును, సహాయకులును రేయింబవళ్లు శ్రమించి 46 మందిని కాపాడిరి, ఎనిమిది మంది మరణించిరి. దూరప్రాంతముల నుండి పొట్టకూటికై వచ్చినవారు వారు. వైశాఖమున బదరికి మోటారులు సుఖముగ పోవుటకు మాఘ ఫాల్గునములలో ఎవరో ఆ మంచులో నిలిచియుండవలెను. ఘంటాకర్ణుని గుడి ముందు ప్రదక్షిణము చేయువారు క్షేత్రమునకు కావలియున్న అట్టివారికై కూడ ఒక నమస్కారము చేయుట ఉచితము.

వసంతము వచ్చి, పాండుకేశ్వరము నుండి ఉద్ధవకుబేరుల పల్లకులు మరలి వచ్చి, తలుపులు తీసిన ఉదయమున అర్చకులు మొదట చూచునది దీపమును, పిమ్మట కంబళిని. నేయి ఎండక తడిగ నున్నచో ఆ యేడు దేశమునకు సుభిక్షమని చెప్పుదురు. కంబళిని తొలగించి, స్వామికి అభిషేకము చేసి, నేతితో తడిసిన ఆ ఉన్నిపోగులను భక్తులకు ప్రసాదముగ పంచిపెట్టుదురు. ఆ దినములలోనే మాణా ఇండ్ల తాళములు తీయబడును, పొయ్యిలు వెలుగును, ముంగిళ్లలో మరల కదుళ్లు తిరుగనారంభించును.